యెహోషాపాతు చేసిన రెండు పనులు

2025 సెప్టెంబర్ 9న ఉపరాష్ట్రపతి ఎన్నిక జరిగింది. ఒకవైపు సి.పి. రాధాకృష్ణన్, మరోవైపు రంగారెడ్డి జిల్లాలో పుట్టి సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన బి. సుదర్శన్ రెడ్డి. రాధాకృష్ణన్‌కు 452 ఓట్లు, సుదర్శన్ రెడ్డికి 300 ఓట్లు వచ్చాయి. తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీలు రాధాకృష్ణన్‌ను బలపరిచాయి. భారత రాష్ట్ర సమితి ఓటింగ్‌కు దూరంగా ఉండిపోయింది. ఆ తరువాతి ఆదివారం నడిగూడెంలో ఆరాధన ముగిసి, అందరూ చెట్టు కింద చెప్పులు వెదుక్కుంటున్న వేళ, డిగ్రీ చదువుతున్న ఒక యువకుడు సంఘ పెద్దను అడిగాడు: "తాతా, నిలబడ్డది మనోడు, పైగా జడ్జి. మన తెలుగు పార్టీలు ఎందుకు వెయ్యలే?" పెద్దాయన నవ్వి, "అవి వాళ్ల పార్టీల లెక్కలు బిడ్డా. మనమేమన్నా ఓటేసేదుందా?" అన్నారు.

ఆ నవ్వు మమ్మల్ని చాలా రోజులు వెంటాడింది. ఉపరాష్ట్రపతిని ఎన్నుకునేది పార్లమెంటు సభ్యులు మాత్రమే కాబట్టి ఆయన మాట కొంత నిజమే. అయితే రాష్ట్రపతి సంగతి వేరు. రాష్ట్రపతి ఎన్నికలో శాసనసభ్యులకు కూడా ఓటు ఉంటుంది. 2022 ఎన్నికలో తెలంగాణ శాసనసభ్యుని ఓటు విలువ 132, పార్లమెంటు సభ్యుని ఓటు విలువ 700. నడిగూడెం మండలం కోదాడ నియోజకవర్గంలో ఉంది, కోదాడ నల్లగొండ లోక్‌సభ స్థానంలో ఉంది. రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారి పదవీకాలం 2027 జూలైతో ముగుస్తుంది. అంటే 2023 నవంబర్ 30న, 2024 మే 13న మనం క్యూలో నిలబడి వేసిన ఓట్లే ఆ తదుపరి రాష్ట్రపతిని ఎన్నుకునే చేతులను తయారుచేశాయి. వేలికి సిరా పెట్టించుకున్న ఆ రెండు రోజుల్లో మనలో ఎంతమందికి ఈ సంగతి గుర్తుంది? మాకూ లేదు, దాచడమెందుకు.

సుప్రీంకోర్టు, హైకోర్టు న్యాయమూర్తుల నియామక పత్రంపై సంతకం చేసేది రాష్ట్రపతి. ఒక న్యాయమూర్తి ఇచ్చిన తీర్పు పార్టీలు మారినా, ప్రభుత్వాలు కూలినా నిలిచి ఉంటుంది. దాని కింద మన సంఘాలు, మన పిల్లలు బతకాలి.

దినవృత్తాంతముల రెండవ గ్రంథం 18, 19 అధ్యాయాలను ఒకే పూటలో కలిపి చదవమని పాఠకులను కోరుతున్నాం. యూదా రాజైన యెహోషాపాతు ఇశ్రాయేలు రాజైన అహాబుతో వియ్యమందాడు. రామోత్గిలాదు మీదికి యుద్ధానికి వస్తావా అని అహాబు అడిగితే, నేను నీవాడనే, నా జనులు నీ జనులే అన్న అర్థం వచ్చేలా మాట ఇచ్చేశాడు. యెహోవా యొద్ద విచారణ చేయమని కోరింది ఆ తరువాతే! నాలుగు వందల మంది ప్రవక్తలు ఒక్క గొంతుతో వెళ్లమన్నారు. మీకాయా ఒక్కడే వద్దన్నాడు. మీకాయాను చెరలో వేశారు, రాజులిద్దరూ యుద్ధానికి వెళ్లారు, అహాబు మరణించాడు. ప్రాణాలతో తిరిగివచ్చిన యెహోషాపాతును హనానీ కుమారుడైన యెహూ దారిలోనే ఎదుర్కొని గద్దించాడు. ఆ గద్దింపు తరువాత ఆ రాజు చేసిన పని గమనించండి. ఊరూరా న్యాయాధిపతులను నియమించాడు. మీరు తీర్పు తీర్చేది మనుష్యుల పక్షంగా కాదని, దేవుని యొద్ద పక్షపాతం గానీ లంచం గానీ లేదని వారిని హెచ్చరించాడు. మాట ముందు ఇచ్చి దేవుణ్ణి తరువాత అడిగినవాడూ, న్యాయపీఠాలను భయభక్తులతో నింపినవాడూ ఒకే మనిషి. రెండింటి మధ్య జరిగిందల్లా ఒక గద్దింపు.

మన దేశ చరిత్రలో ఇలాంటి పరీక్ష వచ్చినప్పుడు అందులో ఉన్న ఇద్దరూ తెలుగువారే కావడం విశేషం. 1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే మరణించారు. కాంగ్రెస్ పార్టీ తన అభ్యర్థిగా అనంతపురం జిల్లాకు చెందిన నీలం సంజీవరెడ్డిని నిలబెట్టింది. ఆయన ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, అప్పటికి లోక్‌సభ స్పీకరు. ఉపరాష్ట్రపతిగా ఉన్న వి.వి. గిరి బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టినవారు, కార్మిక నాయకుడు. ఆయన రాజీనామా చేసి స్వతంత్రంగా నిలబడ్డారు. ప్రధాని ఇందిరా గాంధీ స్వయంగా సంజీవరెడ్డి నామినేషన్ పత్రంపై సంతకం చేశారు. ఆ తరువాత, పార్టీ సభ్యులు ఆత్మప్రబోధం ప్రకారం ఓటు వేయవచ్చన్నారు! ఆగస్టు 16న పోలింగ్ జరిగింది. మొదటి ప్రాధాన్య ఓట్లలో ఎవరికీ సరిపడా మెజారిటీ రాలేదు. రెండవ ప్రాధాన్య ఓట్లు కలిపాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 వచ్చాయి. ఆ ఏడాదే కాంగ్రెస్ రెండుగా చీలిపోయింది.

ఆ రోజుల్లో ఆత్మప్రబోధం అనే మాట ఊళ్లలో హాస్యానికి కూడా వాడుకలోకి వచ్చిందని మా పెద్దలు చెప్పేవారు. మా మనవి ఏమిటంటే, ఆ మాట నవ్వులపాలు కావలసింది కాదు. రాష్ట్రపతి ఎన్నికలో పార్టీ విప్ జారీ చేయడానికి వీల్లేదు, బ్యాలెట్ రహస్యం. చట్టమే మనస్సాక్షికి చోటు ఇచ్చింది. దేవుని యెదుటా మనుష్యుల యెదుటా నిర్దోషమైన మనస్సాక్షి కలిగి ఉండడానికి తాను ప్రయాసపడుతున్నానని పౌలు ఫేలిక్సు ముందు చెప్పాడు (అపొ. 24:16). అది ప్రయాసతో కూడిన పని. నాయకురాలు పిలుపు ఇచ్చిన నాడు మేలుకొని, ఫలితాలు వచ్చిన నాడు పడుకునే మనస్సాక్షిని ఏమని పిలవాలి? అభ్యర్థి నామినేషన్‌పై సంతకం చేసేటప్పుడు అది ఎక్కడ ఉంది? సంజీవరెడ్డికి కేవలం పార్టీ చెప్పింది కాబట్టి ఓటు వేసినవారికీ ఇదే ప్రశ్న వర్తిస్తుంది.

తరువాత జరిగినది మన సంఘాలకు మరింత దగ్గరి విషయం. 1973 ఏప్రిల్ 24న సుప్రీంకోర్టు పదమూడు మంది న్యాయమూర్తుల ధర్మాసనం కేశవానంద భారతి కేసులో తీర్పు చెప్పింది. రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చలేదని మెజారిటీ న్యాయమూర్తులు తేల్చారు. మన హైదరాబాదుకు చెందిన పి. జగన్మోహన్ రెడ్డి వారిలో ఒకరు. ఆ మర్నాడే, సీనియర్లయిన షెలత్, హెగ్డే, గ్రోవర్ ముగ్గురినీ దాటవేసి ఎ.ఎన్. రేను ప్రధాన న్యాయమూర్తిగా ప్రకటించారు. దాటవేసిన ముగ్గురూ మెజారిటీ వైపు తీర్పు రాసినవారు, రే మైనారిటీ వైపు రాసినవారు. ముగ్గురూ రాజీనామా చేశారు. అప్పుడు రాష్ట్రపతి వి.వి. గిరి. ఆత్మప్రబోధం ఓట్లతో పీఠమెక్కిన రాష్ట్రపతి హయాంలోనే ఆ నియామకం జరిగిపోయింది.

మరో నాలుగేళ్లు గడిచాయి. 1977 జనవరి 17న ఎ.ఎన్. రే అధ్యక్షతన ఐదుగురు న్యాయమూర్తులు స్టానిస్లాస్ కేసులో తీర్పు ఇచ్చారు. ఆ కేసు వేసినది ఒక క్రైస్తవ పాదిరి. మధ్యప్రదేశ్, ఒరిస్సా రాష్ట్రాల మతమార్పిడి నిరోధక చట్టాలు చెల్లుతాయని, రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చిన మతప్రచార హక్కులో మరొకరిని మతం మార్చే హక్కు లేదని కోర్టు చెప్పింది. అంతకుముందు 1972లో ఒరిస్సా హైకోర్టు తన రాష్ట్ర చట్టాన్ని కొట్టివేసింది. ఆ ఊరట ఈ తీర్పుతో పోయింది. తరువాత గుజరాత్ 2003లో, హిమాచల్ ప్రదేశ్ 2006లో, ఉత్తరప్రదేశ్ 2021లో చేసిన చట్టాలకు ఆ తీర్పే ఆధారం. నడిగూడెం నుంచి ఉత్తరాదికి సేవకు వెళ్లదలచిన ఏ యువకుడైనా ముందు దాని నీడలోకి నడవవలసినదే.

ఇక్కడ మేము ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఆ ఐదుగురూ ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చారు. హెగ్డేనో గ్రోవరో ప్రధాన న్యాయమూర్తి అయి ఉంటే తీర్పు మరోలా వచ్చేదని చెప్పే అధికారం మాకు లేదు. చెప్పగలిగింది ఇంతే: 1969లో ఓటు వేసిన శాసనసభ్యులలో, ఆ శాసనసభ్యులకు ఓటు వేసిన విశ్వాసులలో, న్యాయపీఠం గురించి ఆలోచించి ఓటు వేసినవారు ఉన్నట్టు మేము ఎక్కడా వినలేదు. వాదనంతా సిండికేటు వైపా, ఇందిర వైపా అన్నదే.

కథకు ఇంకో సగం ఉంది. 1969లో ఓడిన సంజీవరెడ్డి 1977 జూలైలో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. ఆయన హయాంలో, 1978లో, తెలుగువారైన ఓ. చిన్నప్ప రెడ్డి సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1985లో కేరళలో ముగ్గురు పిల్లలను జాతీయగీతం పాడలేదని బడి నుంచి పంపివేశారు. గీతం వినిపించినప్పుడు వాళ్లు గౌరవంగా లేచి నిలబడేవారు, పాడేవారు కాదు. వారు యెహోవాసాక్షులు. వారి బోధతో మన సంఘాలకు పొత్తు లేదని పాఠకులకు తెలుసు. 1986 ఆగస్టులో చిన్నప్ప రెడ్డి, ఎం.ఎం. దత్‌ల ధర్మాసనం ఆ పిల్లలను తిరిగి బడిలో చేర్చుకోమంది. మనస్సాక్షి స్వేచ్ఛ చిన్న గుంపుకు కూడా ఉంటుందన్నది ఆ తీర్పు సారం. కొద్దిమందిని కాపాడిన ఆ తీర్పు గొడుగు కిందే ఈనాడు మనమూ నిలబడుతున్నాం. చిన్నప్ప రెడ్డిని ఎవరూ క్రైస్తవుల కోసం నియమించలేదు.

రాష్ట్రపతి సంతకం నామమాత్రమే కదా అని చదువుకున్నవారు అంటారు. చాలావరకు నిజమే. 1973లో మంత్రివర్గం సలహా ప్రకారమే సంతకం పడింది. 1993 తీర్పు తరువాత ప్రధాన న్యాయమూర్తి, సీనియర్ న్యాయమూర్తులు కలిసిన కొలీజియం పేర్లు సిఫార్సు చేస్తోంది. దాని స్థానంలో జాతీయ న్యాయ నియామకాల కమిషన్ తేవాలని పార్లమెంటు చేసిన చట్టాన్ని 2015 అక్టోబర్ 16న సుప్రీంకోర్టు నాలుగు ఒకటి తేడాతో కొట్టివేసింది. ఆ ఒక్క భిన్న స్వరం కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్‌ది. అయినా సంతకం చేసే చేయి ప్రశ్న అడగగలదు. కె.ఆర్. నారాయణన్ రాష్ట్రపతిగా ఉండగా, సుప్రీంకోర్టు నియామకాలలో షెడ్యూల్డ్ కులాలు, తెగలవారినీ స్త్రీలనూ తగినట్టు పరిగణించాలని ఫైలుపై తన అభిప్రాయం రాశారు. దానిపై దేశంలో పెద్ద చర్చ నడిచింది. 2000లో కె.జి. బాలకృష్ణన్ సుప్రీంకోర్టుకు వచ్చారు, 2007లో తొలి దళిత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. నారాయణన్ ఒక్కరి వల్లనే ఇదంతా జరిగిందని మేము అనము. ఆయన ఆ నాలుగు ముక్కలు రాయకుండా సంతకం చేసినా ఎవరూ తప్పుపట్టేవారు కాదన్న సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి.

నడిగూడెం వాసులకు న్యాయపీఠం విలువ వేరే చెప్పనక్కరలేదు. మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యం ఉండగా, ఈ కాస్త నేల బ్రిటిషు వారి కృష్ణా జిల్లాలో ఉండేది. పక్కనున్న కోదాడ వెళితే రాజు మారేవాడు, చట్టం మారేది, కోర్టు మారేది. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ఏర్పడడానికి అండగా నిలిచిన రాజా నాయని వెంకట రంగారావు గారి కోట ఇక్కడే ఉంది. ఆ కోట పాలన మీదనే 1930లలో రైతులు వెట్టికి, భూములకు పోరాడారు. ఏ కోర్టు, ఏ చట్టం అన్నదాన్ని బట్టి మనిషి బతుకు మారుతుందని ఈ ఊరి తాతలకు పుస్తకం లేకుండానే తెలుసు.

మన సంఘాల్లో చాలామంది దళిత కుటుంబాలవారు. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు ఒకటి వెలువడింది. హిందూ మతం కాక వేరే మతం అవలంబించే వ్యక్తిని షెడ్యూల్డ్ కులస్థునిగా పరిగణించరాదన్నది దాని మూడవ పేరా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రెండు రాష్ట్రాల్లో క్రైస్తవులైన షెడ్యూల్డ్ కులాలవారికి బి.సి.-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్ మిగిలింది. ఈ ఉత్తర్వును సవాలు చేస్తూ 2004లో సుప్రీంకోర్టులో వేసిన పిటిషన్ ఇరవై ఏళ్లు నానింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులను చేర్చాలని తీర్మానించి కేంద్రానికి పంపింది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు కేసులో, క్రైస్తవ్యం స్వీకరించినవారు ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం రక్షణ కోరలేరని తీర్పు చెప్పింది. బల్ల దగ్గర పాలుపుచ్చుకునేటప్పుడు ఒక పేరు, తహసీల్దారు కార్యాలయంలో మరో పేరు పెట్టుకొని నలిగిపోతున్న తల్లిదండ్రులు మాకు తెలుసు. వారిని నిందించడానికి మాకు నోరు రాదు. వారి పిల్లల ఫీజు మేము కట్టడం లేదు కదా.

ఇంత బాధ ఉన్నప్పుడు సహజంగా పుట్టే ఆశ ఒకటుంది: మనకు అనుకూలమైన న్యాయమూర్తులు రావాలి, అలాంటివారిని తెచ్చే పార్టీకే సంఘమంతా గంపగుత్తగా ఓటు వేయాలి. పోయిన రెండు మూడు ఎన్నికల్లో ఈ మాట పులిపీఠం దాకా కూడా వచ్చింది. ఇక్కడే మేము పెద్దలతో విభేదిస్తున్నాం. తీర్పులో బీదవానికి గానీ గొప్పవానికి గానీ పక్షపాతం చూపవద్దని లేవీయకాండం 19:15 ఆజ్ఞాపిస్తోంది. బీదవాని వ్యాజ్యంలో సైతం పక్షపాతం వద్దంటుంది నిర్గమకాండం 23:3. దాని ముందు వచనమే దుష్కార్యం చేయడానికి సమూహాన్ని వెంబడించవద్దంటుంది. మన వైపు మొగ్గే త్రాసు కావాలని అడిగితే, రేపు పొరుగువాడు తనవైపు మొగ్గే త్రాసును తెచ్చుకున్నప్పుడు ఏ ముఖంతో అభ్యంతరం చెబుతాం? మూడవ పేరా అన్యాయం అని మనం నమ్ముతున్నాం. దాన్ని అన్యాయమని చూడగలిగేవాడు నిష్పక్షపాతి అయితే చాలు, మనవాడు కానక్కరలేదు.

ఈ ప్రశ్న మన పిల్లల్ని సముద్రాల అవతల కూడా వదలలేదు. కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడల నుంచి అమెరికా వెళ్లి పౌరులైనవారు అక్కడి అధ్యక్షునికి ఓటు వేస్తున్నారు. అక్కడ సుప్రీంకోర్టు న్యాయమూర్తిని అధ్యక్షుడు ప్రతిపాదిస్తే సెనేట్ ఆమోదిస్తుంది. పదవి జీవితకాలం. 2016 ఫిబ్రవరిలో జస్టిస్ స్కాలియా మరణించాక ఆ కుర్చీని ఎన్నికలు అయ్యేదాకా ఖాళీగా ఉంచారు. ట్రంప్ తాను ఎంచుకునే న్యాయమూర్తుల జాబితాను ఎన్నికలకు ముందే ప్రకటించారు. నాలుగేళ్లలో ముగ్గురిని నియమించారు. 2022 జూన్ 24న గర్భస్రావ హక్కుపై 1973 నాటి తీర్పు రద్దయింది. గర్భంలోని శిశువు ప్రాణాన్ని మేము తక్కువగా ఎంచము. కనుక కేవలం న్యాయమూర్తుల కోసమే ఓటు వేశామన్న మన పిల్లల్ని తేలికగా తీసివేయలేము. వారు కనీసం న్యాయపీఠం గురించి ఆలోచించారు, మనం అదీ చేయలేదు. అయితే ఆ ఒక్క జవాబు దొరికాక, అదే అభ్యర్థి నోటి మాటను, పరదేశి పట్ల తీరును, సత్యం పట్ల గౌరవాన్ని గురించి అడగడం కొన్ని సంఘాల్లో నేరమైపోయింది. ప్రశ్న వేసినవాణ్ణి మీకాయాలాగే చూశారు.

న్యాయమూర్తే పార్టీల బరిలోకి దిగినప్పుడు ఏమవుతుంది? రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు ప్రధాన న్యాయమూర్తి పదవికి 1967 ఏప్రిల్‌లో రాజీనామా చేసి, ప్రతిపక్షాల అభ్యర్థిగా జాకిర్ హుస్సేన్‌పై పోటీ చేసి ఓడిపోయారు. అంతకు కొద్ది వారాల ముందే ఆయన గోలక్‌నాథ్ కేసులో ప్రభుత్వానికి వ్యతిరేకంగా పెద్ద తీర్పు ఇచ్చారు. ఆయన నిజాయితీని మేము శంకించము, కానీ కోటు విప్పి నేరుగా నామినేషన్ వేయడం మాకు నచ్చలేదు. సుదర్శన్ రెడ్డి విషయం అంతకంటే భిన్నం, ఆయన పదవీ విరమణ చేసి ఏళ్లు గడిచాయి. అయినా 2011లో సల్వా జుడుంపై ఆయన ఇచ్చిన తీర్పును ఎన్నికల వేదికల మీదికి లాగారు. తీర్పును విమర్శించవచ్చు. రేపు ఏదో పదవికి పోటీ చేస్తే ఇది అడ్డమొస్తుందేమో అని ఈనాటి న్యాయమూర్తి కలం ఆగే రోజు తెచ్చుకోకూడదు.

ఇంత రాశాక ఆ యువకుని ప్రశ్నకు మా జవాబు చెప్పాలి. తెలుగువాడు కాబట్టి వేయాలన్నది కూడా మరో రకం పార్టీయే బాబూ. వేయని పార్టీలను నువ్వు అడగవలసింది, మీ సభ్యుల్లో ఒక్కరైనా ఆయన తీర్పులు చదివారా అని. పార్టీలో ఉండడం పాపం కాదు. సంఘంలో కాంగ్రెస్ వారు, కారు గుర్తు వారు, కమలం వారు, కమ్యూనిస్టులు పక్కపక్కన కూర్చొని పాడుతున్నారు, అది దేవుని కృప. ప్రహరీ గోడకు సిమెంటు, షామియానా, మైకు సెట్టు ఇస్తామని వచ్చే నాయకులను ఇంటికి పిలిచి మంచినీళ్లు ఇవ్వండి. ఆ తరువాత అడగండి: రాష్ట్రపతి ఎన్నికలో మీ పార్టీ ఎవరిని చెబితే వారికేనా, మీరు కూడా ఆలోచిస్తారా? న్యాయమూర్తుల నియామకంలో ప్రభుత్వం చేయి ఎంత ఉండాలని మీ అభిప్రాయం? 1950 ఉత్తర్వు మూడవ పేరా చదివారా? తెలియదని చెప్పినా తప్పులేదు, చదివి వచ్చేవారం చెబుతానన్న నాయకుణ్ణి మేము గౌరవిస్తాం.

ఈ సంగతులు మొన్న ఆదివారం ఆరాధన తరువాత సంఘ పెద్ద గారికి చదివి వినిపించాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "నేను యాభై ఏండ్ల సంది ఒక్కటే గుర్తుకు గుద్దుతున్న, మా నాయన గూడ అంతే" అన్నారు. కాసేపటికి కళ్లజోడు తుడుచుకొని, ఆ ప్రశ్నలు పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసిమ్మని మనవణ్ణి అడిగారు. నడిగూడెంలో ఆ కాగితం ఇప్పుడు ఆయన బైబిలులో ఉంది.